వణకని క్లచ్

"ఈ రోజుతో ఫైలు మూసేస్తున్నాను వదినా. ఆదివారం భోజనాల దగ్గర మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీ కూడా చూపించకుండా.

డిటెక్టివ్ కుర్చీ కోసం చూడలేదు. బల్ల మీద ఫైళ్ళు పక్కకి నెట్టి అక్కడే కూర్చుంది. "ఆదివారం దాకా ఎందుకు మరిదీ? తాడో పేడో ఇప్పుడే తేల్చుకుని పోతాను."

ఇన్‌స్పెక్టర్ ఆమె చెల్లెలి మొగుడు. ఇంట్లో ఆమెకి ఎంత మర్యాద ఇస్తాడో, స్టేషన్లో ఆమెని చూస్తే అంత చిరాకు పడతాడు. ఒకప్పుడు ఆమెదీ ఇదే డిపార్ట్‌మెంటు. ప్రమాదంలో దెబ్బతిన్న బండిని పరీక్షించి, తప్పు మనిషిదా యంత్రానిదా అని చెప్పడం ఆమె పని. పలుకుబడి ఉన్న ఒకాయన కొడుకు కారు విషయంలో మాట మార్చమంటే మార్చలేదు. ఉద్యోగం మాత్రం మారింది. సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. డిపార్ట్‌మెంటులో ఆమెకి మిగిలిన పేరు మొండిఘటం. ఆ పేరు పెట్టినవాళ్ళలో మరిది కూడా ఉన్నాడని ఆమెకి తెలుసు. ఆమె ఎప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

కేసు చూడ్డానికి చిన్నదే. మంగళవారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన ఒక ఆర్కిటెక్టు తిరిగి రాలేదు. బుధవారం తెల్లవారేసరికి ఆయన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు నది మీద వంతెన పక్కన కనిపించింది. రెయిలింగ్ దగ్గర ఆయన బూట్లు ఉన్నాయి. శవం ఇంకా దొరకలేదు. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కిన వంతెన గార్డు, తాను వచ్చేసరికే కారు అక్కడ ఉందన్నాడు. నదిలో దూకాడని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. ఆర్కిటెక్టు భార్య మాత్రం ఆ మాట మీద సంతకం పెట్టనంటే పెట్టనంది. నేరుగా వెళ్ళి డిటెక్టివ్ తలుపు తట్టింది.

"ఏం కావాలి మీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆఖరిసారి చూసినవాడితో కాసేపు మాట్లాడాలి. ఆ తర్వాత కారు నడపాలి."

"కారా? కారుకీ చావుకీ ఏమిటి సంబంధం? అది ఎవర్నీ గుద్దలేదు, దేన్నీ గుద్దలేదు."

"సంబంధం లేకపోతే నీకు పోయేదేముంది?"

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. "ఒక్క గంట. ఆ తర్వాత ఆవిడకి మీరే నచ్చజెప్పి సంతకం పెట్టించాలి."

"నాది తప్పని తేలితే పెట్టిస్తాను," అని డిటెక్టివ్ బల్ల దిగింది.

ఆఖరిసారి చూసినవాడు ఆర్కిటెక్టు వ్యాపార భాగస్వామి. ఇద్దరూ కలిసి పదేళ్ళుగా భవనాలు కడుతున్నారు. సాక్షిగా సంతకం పెట్టడానికి వచ్చి పక్కగదిలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి గొంతు. డిటెక్టివ్ ఎదురుగా కూర్చోగానే చేతులు జోడించాడు.

"వాడి భార్య నాకు చెల్లెమ్మ లాంటిది, ఆమె బాధ నాకు తెలుసండీ. ఒప్పుకోవడం కష్టమే. నాకే ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు."

"మంగళవారం సాయంత్రం ఆయన కార్లోనే ఇంటికి వెళ్ళారటగా?"

"అవును. ఆఫీసు నుంచి మా గేటు దాకా దింపాడు. ఆరు కావస్తోంది."

"మీ కారు ఏమైంది?"

"మా డ్రైవరు సెలవు పెట్టాడు. సొంతూరు వెళ్ళాడు."

"ఆ ఎర్ర కారు ఎక్కడం మీకు అలవాటేనా?"

"వందసార్లు ఎక్కి ఉంటాను."

"ఎలా నడుస్తుంది?"

ఆయన పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. "నడవడమా? మలేరియా పట్టినవాడిలా కదులుతుంది. ఫస్టు గేరు వేసి క్లచ్ వదులుతుంటే చాలు, బండంతా గడగడ వణికిపోతుంది. పళ్ళు కొట్టుకుంటాయి."

"మంగళవారం కూడా వణికిందా?"

"ఆ రోజు మరీను. సిగ్నల్ దగ్గర ఆగి కదిలిన ప్రతిసారీ అదే వరస. క్లచ్ మార్పించరా బాబూ అన్నాను. ఇంకెందుకు, దాంతో నాకేం పని అన్నాడు." ఆయన గొంతు తగ్గించాడు. "అప్పుడు ఆ మాట అర్థం కాలేదు."

"మిమ్మల్ని దింపాక?"

"మా గేటు ముందు మళ్ళీ అలాగే వణుకుతూ కదిలి వెళ్ళాడు. మలుపు తిరిగేదాకా చూశాను." భాగస్వామి గడియారం చూసుకున్నాడు. "సంతకం పని త్వరగా అయితే వెళ్తానండీ. సైట్లో నాకోసం చూస్తుంటారు."

"కాసేపు ఉండండి," అంది డిటెక్టివ్. ఆయన చెప్పినదాంట్లో ఆమెకి తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అంత వివరంగా చెప్పేవాడిని కాదనడం కష్టం. లేచి బయటికి వచ్చింది.

స్టేషన్ వెనక బండ్లు ఆపే యార్డులో ఆర్కిటెక్టు భార్య నిలబడి ఉంది. రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు. అయినా నిటారుగా, ఎవరో తోయబోతే ఆపడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడింది.

"అన్నయ్య ఏమన్నారు?" అని అడిగింది.

"కారు బాగా వణికిందన్నారు."

"అది నిజమే. ఏడాదిగా పోరుతున్నాను, క్లచ్ మార్పించండీ అని. మంగళవారం పొద్దున నన్ను బస్సు దగ్గర దింపారు. కారు కదిలించగానే నా చేతిలో కాఫీ ఒళ్ళో పడింది. బస్సు వచ్చేదాకా తిట్టాను." ఆమె ఆగింది. "నేను ఆయనతో ఆఖరుగా మాట్లాడింది అదే. నదిలో దూకేవాడు ఆ తిట్లకి అంతలా నవ్వుతాడా?"

డిటెక్టివ్ చుట్టూ తిరిగి స్టీరింగ్ వైపుకి వచ్చింది. కారు తలుపు తీసి, "ఎక్కండి, మనం ఒక చుట్టు తిరిగొద్దాం," అంది.

రెండు సీట్ల కారు. ముప్పై ఏళ్ళు దాటినా ఒంటి మీద చిన్న గీత లేదు. డిటెక్టివ్ తాళం తిప్పింది. ఇంజిన్ ఒకసారి దగ్గి అందుకుంది. క్లచ్ తొక్కి, ఫస్టు గేరు వేసి, మెల్లగా, ఇంకా మెల్లగా పాదం వదిలింది. క్లచ్ పట్టుకునే ఆ ఒక్క క్షణంలోనే జబ్బు బయటపడుతుంది. ప్లేటు మీద నూనె పడినా, ఆ ప్లేటు ఆనుకునే ఫ్లైవీల్ చక్రం కాలి మచ్చలు తేలినా, ఇంజిన్ కింద రబ్బర్లు చచ్చినా ఆ క్షణంలో బండి ఒళ్ళు విదిలించి తీరుతుంది. ఆర్కిటెక్టు భార్య అలవాటుగా తలుపు పిడి గట్టిగా పట్టుకుంది.

కారు నీళ్ళ మీద పడవలా జారింది.

డిటెక్టివ్ ఆపి మళ్ళీ కదిలించింది. రివర్సులో కదిలించింది. యార్డు చివర ఎత్తు మీద నిలబెట్టి, ఇంజిన్ మీద భారం పడేలా ఎక్కించింది. ఎక్కడా చిన్న అదురు కూడా లేదు.

"ఇది మా కారు కాదు," అంది ఆర్కిటెక్టు భార్య.

"సరిగ్గా చూడండి."

ఆమె సీటు పక్కన చెయ్యి పెట్టి తడిమింది. తోలు చిరిగిన చోట తానే వేసిన కుట్లు వేళ్ళకి తగిలాయి. డ్యాష్‌బోర్డు వైపు చూసింది, తన కాళ్ళ దగ్గర కాఫీ మరక చూసింది.

"చేయించారు," అంది చివరికి. "నాకు చెప్పకుండా ఆ రోజే వెళ్ళి చేయించారు. సాయంత్రం వచ్చి నన్ను ఎక్కించుకుని, వణకట్లేదేమిటి అని నేను అడిగేదాకా నోరు విప్పకూడదనుకుని ఉంటారు. ఆయన పద్ధతే అంత." కళ్ళు తుడుచుకోలేదు. "ఇప్పుడు ఎవరు తెచ్చినా సరే, ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను."

ఇన్‌స్పెక్టర్ మెట్ల మీద నిలబడి అంతా చూస్తూనే ఉన్నాడు. దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంజిన్ చల్లగా ఉంది వదినా. పాత బండి క్లచ్ వేడెక్కాకే వణుకుతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు."

"తెలిస్తే మంచిదే. ఎక్కు."

ఆర్కిటెక్టు భార్య దిగి చోటిచ్చింది. ఎత్తు మీద ఆపి కదిలించడం, ఆపి కదిలించడం. క్లచ్ కాలే వాసన ముక్కుకి తగిలేదాకా అలా చేస్తూనే ఉంది. వణకలేదు. ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డ అయింది. "ఇటివ్వండి," అని తానే స్టీరింగ్ పట్టుకున్నాడు. యార్డు దాటి పెద్ద రోడ్డు ఎక్కించి వేగం పెంచాడు. ముల్లు అరవై దాటగానే సీటు కింద సన్నగా ఒక అదురు మొదలైంది. డెబ్భైకి అది నడుము దాకా పాకింది.

"ఇదేమిటి మరి?" ఇన్‌స్పెక్టర్ గొంతులో సంబరం దాగలేదు. "వణకట్లేదని వాదించారు. ఇంతసేపూ నా ప్రాణం తీశారు."

"ఇది ఆ వణుకు కాదు. క్లచ్ వణుకు కదిలేటప్పుడు వచ్చి, కదిలాక పోతుంది. ఇది వేగంతో పుట్టి వేగంతో పెరుగుతోంది. న్యూట్రల్ చేసి ఇంజిన్ ఆపెయ్. బ్రేకు మీద కాలు ఉంచు."

"నడిరోడ్డు మీదా?"

"వెనక ఎవరూ లేరు. ఆపు."

ఆపాడు. ఇంజిన్ చప్పుడు పోయింది. గాలి చప్పుడు మిగిలింది. సీటు కింద అదురు మాత్రం అలాగే ఉండి, వేగం తగ్గేకొద్దీ తగ్గి, చివరికి పోయింది.

"ఇంజిన్ ఆగినా అదురు ఆగలేదు," అంది డిటెక్టివ్. "కాబట్టి ఇంజిన్‌ది కాదు, క్లచ్‌ది అంతకంటే కాదు. స్టీరింగ్ నిలకడగా ఉంది, కాబట్టి ముందు చక్రాలు కూడా కావు. మన సీటు కింద తిరిగేది ఒకటే, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు. దానికేదో అయింది. ఆ అమ్మాయిని అడుగు, ఇది ముందు ఉండేదో లేదో."

ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ మళ్ళీ అందించి కారు వెనక్కి తిప్పాడు. యార్డులోకి రాగానే తానే అడిగాడు.

"లేదు," అంది ఆర్కిటెక్టు భార్య. "కదిలేటప్పుడే వణికేది. ఒకసారి వేగం అందుకుందంటే నిద్ర వచ్చేంత హాయిగా ఉండేది."

యార్డు పక్కనే పోలీసు బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. కారుని ర్యాంపు మీదికి ఎక్కించారు. డిటెక్టివ్ టార్చి తీసుకుని కిందికి దూరింది. మరిదిని కూడా రమ్మంది. ఆయన టోపీ తీసి పక్కన పెట్టి వంగాడు.

"ఇదిగో, గేర్‌బాక్సుకీ ఇంజిన్‌కీ మధ్య బోల్టులు. చుట్టూ ఏళ్ళనాటి జిడ్డు. బోల్టు తలల మీద మాత్రం పానా మెరుపులు. అంటే ఈ మధ్యే విప్పి బిగించారు. ఈ చిన్న కంతలోంచి చూడు, ప్లేటు అంచు కనిపిస్తుంది. కొత్త బలపంలా నిండుగా ఉంది."

"మార్చారు, ఒప్పుకుంటాను. అయితే ఏమిటి?"

"ఈ పనికి గేర్‌బాక్సు కిందికి దింపాలి. పొద్దున బండి ఇస్తే, చెయ్యి తిరిగినవాడైనా మధ్యాహ్నం దాటేదాకా ఇవ్వలేడు. పొద్దున భార్య ఎక్కినప్పుడు వణికింది. రాత్రి ఎనిమిదింటికి వంతెన దగ్గర ఉంది. ఆరింటికి నీ సాక్షి ఎక్కినప్పుడు కూడా వణికిందంటే, ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య ఆయన క్లచ్ మార్పించుకుని, వెళ్ళి నదిలో దూకాడన్నమాట."

ఇన్‌స్పెక్టర్ ఇంకొంచెం వంగి బోల్టులు చూశాడు. "సాక్షి పొరబడి ఉండొచ్చు."

"ప్రతి సిగ్నల్ దగ్గరా పొరబడ్డాడా? అతను మంగళవారం ఈ కారు ఎక్కలేదు మరిదీ. వందసార్లు ఎక్కిన జ్ఞాపకంతో నూట ఒకటోసారి అల్లి చెప్పాడు."

ఆమె టార్చి వెనక్కి తిప్పింది. షాఫ్టు మీద వెలుగు పడగానే చెయ్యి ఆగిపోయింది. సన్నటి నల్ల ఇనుప తీగ షాఫ్టు చుట్టూ బిగుసుకుని ఉంది. దాని పక్కనే రూపాయి బిళ్ళంత మేర తళతళలాడుతోంది. షాఫ్టు తూకంగా తిరగడం కోసం అతికించే ఇనుప ముక్క అక్కడ ఉండాలి. అది ఊడిపోయింది. ఊడిన చోట ఇంకా తుప్పు కూడా పట్టలేదు.

"అదురు ఇక్కడిది. ఈ ముక్క పోయింది కాబట్టి," అంటూ ఆమె తీగని కొనగోటితో లాగింది. మెలికల మధ్య ఇరుక్కున్నది ఏదో అరచేతిలో రాలింది. సగం విరిగిన సిమెంటు బిళ్ళ. తీగ దాని కడుపులోంచే వస్తోంది.

"రోడ్డు మీద ఏదో చుట్టుకుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు.

"నువ్వు ఇల్లు కట్టేటప్పుడు చూడలేదూ? స్లాబు పోసేముందు ఊచల కింద ఎత్తు పెడతారే, ఆ బిళ్ళ. ఊచలకి కట్టడానికి దానికి తీగ ఉంటుంది. కాంక్రీటు పడ్డాక ఇది లోపలే ఉండిపోతుంది, పైన దొరకదు. ఊచలు కట్టి, ఇంకా కాంక్రీటు పోయని చోటికి ఈ కారు వెళ్ళింది. కొత్త క్లచ్ వేయించుకున్నాక, వంతెన దగ్గరికి చేరేముందు. క్లచ్ పనికి ఈ షాఫ్టు కూడా ఊడదీయాలి, అప్పటికే తీగ ఉంటే మెకానిక్కే తీసేసేవాడు."

ఇన్‌స్పెక్టర్ ఆ బిళ్ళని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. టోపీ పెట్టుకున్నాడు. మళ్ళీ వదిన వైపు చూడకుండా, "కారు దింపించండి. మిగతాది నేను అడుగుతాను," అన్నాడు.

భాగస్వామిని యార్డులోకి పిలిపించాడు.

"ఇంకొక్కసారి చెప్పండి సార్. మంగళవారం సాయంత్రం ఈ కారు ఎలా కదిలింది?"

"ఎన్నిసార్లు చెప్పాలండీ? వణుకుతూ కదిలింది. చెల్లెమ్మని అడగండి, తనకీ తెలుసు."

"ఎక్కండి."

"ఎందుకు?"

"సాక్ష్యం సరిచూసుకోవడానికి. ఎక్కండి."

భాగస్వామి ఎక్కాడు. ఇన్‌స్పెక్టర్ గేరు వేశాడు. క్లచ్ పైకి రావడం చూసి భాగస్వామి కుడిచెయ్యి దానంతట అదే వెళ్ళి డ్యాష్‌బోర్డుని ఒడిసిపట్టింది. భుజాలు బిగుసుకున్నాయి, దవడ బిగిసింది. కారు మెత్తగా యార్డు చివరిదాకా జారి ఆగింది. ఆ చెయ్యి డ్యాష్‌బోర్డు మీదే ఉండిపోయింది.

ఆర్కిటెక్టు భార్య ఆ చెయ్యి వంకే చూసింది. అంతా అర్థమైపోయింది.

"ఇక్కడికి తెచ్చాక బాగుచేయించి ఉంటారు," అన్నాడు భాగస్వామి దిగుతూ. మెత్తటి గొంతు కొంచెం గరుకుగా వచ్చింది.

"తాడు కట్టి లాక్కొచ్చాం. ఈ రోజు దాకా తాళం ఎవరూ తిప్పలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దీన్ని వంతెన దగ్గరికి నడిపింది మీరు కూడా కాదు," అంది డిటెక్టివ్. "నడిపి ఉంటే వణకట్లేదని మీకే తెలిసేది, కథ అలా చెప్పేవారు కాదు. ఈ కారు గురించి ఏమీ తెలియనివాడు నడిపాడు. మీ డ్రైవరు నిజంగా సొంతూరు వెళ్ళాడా?"

"ఈ మాటలకి నేను జవాబు చెప్పక్కర్లేదు. నాకు లాయరు ఉన్నాడు."

"పిలిపించుకోండి. ఈలోగా ఒక్కటి చెప్పండి." ఆమె సిమెంటు బిళ్ళని బానెట్ మీద పెట్టింది. "మీ సైట్లలో ఊచలు కట్టి, కాంక్రీటు పోయకుండా ఉన్నది ఏది?"

భాగస్వామి బిళ్ళ వైపు చూశాడు. అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. చూసి కట్టేశాడు. వెంటనే మళ్ళీ మోగింది. మళ్ళీ కట్టేయబోయాడు.

"ఎత్తండి," అంది ఆర్కిటెక్టు భార్య. పదేళ్ళుగా అన్నయ్యా అని పిలిచిన గొంతులో ఆ పిలుపు లేదు. "ఎవరో అంత అవసరంగా పిలుస్తున్నారు కదా. ఎత్తి మాట్లాడండి."

ఆయన వెనక్కి అడుగు వేశాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి ముందుకి వచ్చి ఫోను లాక్కుని, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"అయ్యా, నది ఒడ్డు సైటు మేస్త్రీనండీ," అంది అటువైపు గొంతు. "ఎన్నిసార్లు చేసినా ఎత్తరేమిటి? కాంక్రీటు లారీ వచ్చి నిలబడింది. ముందు లిఫ్టు గుంత నింపమన్నారు కదా, మనవాళ్ళు పోయమంటే పోయట్లేదండీ. అడుగున చెక్కల కింద ఎవరో ఊచ మీద కొడుతున్నట్టు చప్పుడు వస్తోందంటున్నారు. నేనూ విన్నాను. మీ డ్రైవరేమో అవి ఎలుకలు, పోసెయ్యండని మా మీద పడుతున్నాడు. ఏం చెయ్యమంటారు?"

భాగస్వామి ఫోను కోసం చెయ్యి చాచాడు.

ఆర్కిటెక్టు భార్య వచ్చి ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి ఫోను తీసుకుంది. ఆయన ఇచ్చేశాడు.

"మేస్త్రీ, నేను మీ ఆర్కిటెక్టు గారి భార్యని. ఆ గుంతలో ఉన్నది ఆయనే. చెక్కలు ఎత్తండి. లారీకి అడ్డంగా మీ మనుషుల్ని నిలబెట్టండి. ఎవరు చెప్పినా, ఎంత బెదిరించినా ఒక్క తట్ట కూడా పడటానికి వీల్లేదు. మేం వస్తున్నాం."

"అమ్మా, మీరా? అయ్యగారు..."

ఆ మాట పూర్తి కాలేదు. పెనుగులాడుతున్న చప్పుడు వినిపించింది. మేస్త్రీ ఎవరినో వదలమని అరుస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతూ, సాక్షిని పట్టుకోమని కానిస్టేబుళ్ళకి కేకేస్తున్నాడు. "వదినా, త్వరగా రండి," అన్నాడు వెనక్కి తిరిగి.

ఫోనులో లారీ డ్రమ్ము గిర్రున తిరుగుతున్న చప్పుడు మొదలైంది. వెంటనే లైను తెగిపోయింది.